బిందె ఎత్తిన చెయ్యి, ఎత్తకముందు మనసు

ఈమధ్య ఒక పట్నంలో కథల వర్క్‌షాపు పెడితే మన గూడెం నుంచి ఒక అమ్మాయి వెళ్ళింది. తను రాసిన కథ చదివింది. కథ చిన్నదే. వాళ్ళమ్మకి బడిలో మధ్యాహ్న భోజనం వండే పని దొరుకుతుంది. మొదటిరోజే ఊళ్ళో పిల్లలు సగంమంది ఇంటి నుంచి టిఫిన్ డబ్బాలు తెచ్చుకుంటారు. అమ్మ ఏమీ అనదు. రెండోరోజు బియ్యం కడగబోయే ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. మూడోరోజు రెండుసార్లు. వారం తిరిగేసరికి అయిదుసార్లు. ఒకరోజు కూతురు ఆ సబ్బు దాచేస్తుంది. అమ్మ కాసేపు వెతికి, ఆగి, మామూలుగా చేతులు కడుక్కుని వంట చేస్తుంది. అందరి ముందూ తను మొదటి ముద్ద తిని, అప్పుడు గంట కొడుతుంది. అంతే కథ.

చదవడం అయ్యాక అక్కడున్న పెద్ద రచయిత ఒకాయన, "బాగానే ఉందమ్మా, కానీ ఇందులో ఉన్నదంతా బయటి సంఘర్షణే. అంతస్సంఘర్షణ లేదు. పాత్ర ఎదగలేదు. కథంటే కరపత్రం కాదు గదా" అన్నాడు. అమ్మాయి తలొంచుకుని వచ్చేసింది. మళ్ళీ కలం పట్టలేదని వాళ్ళన్న మాతో చెప్పుకుని బాధపడ్డాడు.

మేం ఆ పెద్దాయన్ని ఒకటే అడుగుతున్నాం. అయ్యా, ఆ తల్లి అయిదుసార్లు చేతులు కడుక్కోవడం మీ కంటికి ఆనలేదా? ఎదటివాడి అసహ్యం ఆమె ఒంట్లోకి ఇంకిపోయి, తన చేతుల్ని తనే అనుమానించుకునే దాకా వచ్చిందే, అది అంతస్సంఘర్షణ కాకపోతే మరేంటి? సబ్బు దొరకనప్పుడు ఆగిందే ఒక్క క్షణం, ఆ క్షణంలో ఆమె ఎంత దూరం నడిచిందో మీకు తెలుసా? మొదటి ముద్ద తను తిన్నదే, అది ఎదుగుదల కాదా?

ఈ మాటలు సాహిత్యం తెలిసినోళ్ళ వ్యవహారం, మనకెందుకులే అని ఊరుకోవద్దు. కథలో ఎవరికి మనసుంటుంది, ఎవరికి ఒట్టి ఒళ్ళే ఉంటుంది అన్నది సాహిత్యం మాట మాత్రమే కాదు. అది మన బతుకు మాట.

లోపలి పోరు, బయటి పోరు

ముందు ఈ మాటల సంగతి తేల్చుకుందాం. కథలో మనిషికి ఏదో ఒకటి కావాలి. దానికి ఎవరో అడ్డం వస్తారు. దొర, కరణం, పోలీసు, కరువు, వరద, ఎవరైనా కావచ్చు. అది బయటి పోరు. ఆ మనిషి లోపల కూడా ఒక అడ్డం ఉంటుంది. భయం, సిగ్గు, ఆశ, ప్రేమ, పాత అలవాటు. అది లోపలి పోరు. ఈ రెంటి మధ్య నలిగి నలిగి మనిషి కథ మొదట్లో ఉన్నట్టు చివర్లో ఉండడు. దాన్నే పాత్ర ఎదుగుదల అంటారు. ఎదుగుదలంటే మంచివాడైపోవడమని కాదు, మారడం. ఓడిపోయి మారొచ్చు, గెలిచి మారొచ్చు.

ఇంతవరకూ మాకేం పేచీ లేదు. పేచీ ఎక్కడంటే ఈ రెంటినీ పంచిపెట్టడంలో ఉంది. ఊరూ వాడా వేరు చేసినట్టే కథల్లో కూడా లోపలి పోరు ఊరికీ, బయటి పోరు వాడకీ పంచిపెట్టారు. దొర కొడుక్కి మనసు మథనపడుతుంది, నిద్ర పట్టదు, నాలుగు పేజీలు ఆలోచిస్తాడు. అదే కథలో మన పాలేరు దెబ్బలు తింటాడు, ఏడుస్తాడు, దణ్ణం పెడతాడు, చచ్చిపోతాడు. వాడు చచ్చాక దొర కొడుకు మారతాడు. అంటే మనోడి చావు పక్కోడి ఎదుగుదలకి ఎరువు.

పేరున్న పుస్తకాలనే చూద్దాం

మాలపల్లి నవల 1922లో వచ్చింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండి రాశారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. ఆ రోజుల్లో మాలపల్లెలో రామదాసు కుటుంబాన్ని నవలకి నడిమధ్య కూర్చోబెట్టడం మామూలు సంగతి కాదు. ఆ గౌరవం ఆయనకి ఇవ్వాల్సిందే, ఇస్తున్నాం. కానీ ఆ ఇంట్లో పోరుని ఆయన ఎట్లా పంచాడో చూడండి. తండ్రి రామదాసు భక్తుడు, తత్వం తెలిసినవాడు, ఎన్ని దెబ్బలు తగిలినా ఓర్చుకునేవాడు. లోపలి పోరంతా ఆయనకిచ్చారు. చిన్నకొడుకు సంగదాసు కూలి కోసం నిలబడి చౌదరయ్య దెబ్బకి చచ్చిపోతాడు. పెద్దకొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై దోపిడీలకి దిగుతాడు. బయటి పోరు కొడుకులకిచ్చారు. తండ్రి కోపమంతా వేదాంతంలో కలిసిపోతుంది. కొడుకు తిరుగుబాటు జైలు పాలవుతుంది. ఒకే మనిషిలో ఆ రెండూ కొట్టుకుంటే ఎట్లా ఉంటుంది? ఓర్చుకునే రామదాసులో జగ్గడు ఒక్క రాత్రయినా లేచి కూర్చోలేదా? కొడుకుని చంపినవాడి ఇంటి ముందు నుంచి నడుస్తున్నప్పుడు ఆయన చేతి పిడికిలి బిగుసుకోలేదా? మేం అడిగేది ఇదే.

ముల్క్‌రాజ్ ఆనంద్ 1935లో ఇంగ్లీషులో రాసిన అన్‌టచబుల్ నవల చూడండి. పాకీపని చేసే బఖా అనే కుర్రాడి ఒక్కరోజు బతుకు. బజార్లో పొరపాటున ఒకడికి తగిలినందుకు చెంపదెబ్బ తింటాడు. చెల్లెలు సోహిని మీద గుడి పూజారి చెయ్యి వేస్తాడు. బఖా లోపల మంట లేస్తుంది, ఆరుతుంది, మళ్ళీ లేస్తుంది. ఇక్కడ మనోడికి మనసుంది, ఒప్పుకుంటాం. కానీ చివర్లో ఏమవుతుంది? ఒక పాద్రీ ఒక దారి చెప్తాడు. గాంధీ సభలో ఇంకో దారి వినపడుతుంది. పాయఖానాలు కడిగే మిషను వస్తే నీ బాధ తీరుతుందని ఒక కవి మూడో దారి చెప్తాడు. ముగ్గురూ మాట్లాడతారు, బఖా వింటాడు. పొద్దుణ్ణుంచి అంత రగిలిన కుర్రాడికి తనదంటూ ఒక్క మాట లేదు. పాత్ర ఎదుగుదల అక్కడే ఆగిపోయింది. 1935 నాటికి మహద్ చెరువు నీళ్ళు ముట్టుకుని 8 ఏళ్ళయింది. అంబేద్కర్ మాట దేశమంతా వినపడుతోంది. ఆ మాట ఆ దారుల్లో లేదు.

ప్రేమ్‌చంద్ కఫన్ కథ 1935-36లో అచ్చయింది. ఘీసూ, మాధవ్, చమారు తండ్రీకొడుకులు. మాధవ్ పెళ్ళాం బుధియా పురిటినొప్పులతో లోపల చచ్చిపోతుంటే వీళ్ళు బయట కూచుని కాల్చిన దుంపలు తింటారు. కఫన్ గుడ్డకని అడుక్కున్న డబ్బుతో తాగుతారు. వ్యవస్థ మనుషుల్ని ఎంత మొద్దుబారేట్టు చేసిందో చూపించాడని ఆయన అభిమానులు అంటారు. రాత్రీపగలూ కష్టపడే రైతుల బతుకే బాగోలేనప్పుడు వీళ్ళకి ఇట్లాంటి బుద్ధి పుట్టడం వింత కాదని ఆయన ఆ కథలోనే అంటాడు. నిజమే. కానీ హిందీ దళిత రచయితలు ఊరుకోలేదు. చచ్చిపోతున్న ఆడదాని కేక విని గూడెంలో ఒక్క మనిషీ రాడా, పురుడు పోసే ముసలమ్మ ఒక్కతీ లేదా అని అడిగారు. మేమూ అదే అడుగుతాం. అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది. ఆ కథలో బుధియా ఏమనుకుంటోంది? ఆమెకి ఒళ్ళుంది, నొప్పుంది, చావుంది. మనసు మాత్రం లేదు.

కారంచేడు చెరువు దగ్గర

1985 జూలై 16. కారంచేడులో మనోళ్ళు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు. అక్కడ గేదెల కుడితి బకెట్టు కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే అదేంటని అడిగినందుకు మనవాళ్ళ మీదికి వచ్చారు. నీళ్ళకి వచ్చిన మున్నంగి సువార్త తన బిందె అడ్డం ఎత్తింది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఈ సంగతి మనందరికీ తెలుసు. ఆ నెత్తుట్లోంచే దళిత మహాసభ పుట్టింది.

పేపర్లు ఏం రాశాయి? ఎంతమంది వచ్చారు, ఏ ఆయుధాలు, ఎంతమంది చనిపోయారు, కేసు ఏమైంది. అవన్నీ కావాల్సిందే. కానీ తరతరాలుగా దించుకున్న తల ఒక్కసారి ఎట్లా లేచింది? ఎత్తిన బిందె ఎత్తకుండా ఉండొచ్చు గదా. తలొంచుకుని నీళ్ళు ముంచుకుని వెళ్ళిపోవచ్చు గదా. ఎత్తకముందు ఆ ఒక్క గడియ ఏ మనిషి లోపలైనా ఏం జరుగుతుంది? ఆ సంగతి ఎఫ్ఐఆర్‌లో ఉండదు, కోర్టు తీర్పులో ఉండదు. అది రాయాల్సింది కథే. ఆ తల్లి మనసులో ఏముందో మాకు తెలుసని మేం చెప్పం, ఆ హక్కు మాకు లేదు. కానీ అట్లాంటి గడియలు మన ప్రతి గూడెంలోనూ ఉన్నాయి. వాటిని రాయగలిగేది మనమే.

డప్పు వద్దన్నవాడి కథ

ఒక మాట అనుకుందాం. ఒక ఊళ్ళో పెద్ద రైతు చచ్చిపోయాడు. చావు డప్పు కొట్టడానికి మన మాదిగ పెద్దాయనకి కబురొచ్చింది. సంఘం పెట్టుకున్న కుర్రాళ్ళు, ఇకమీదట చావుకి డప్పు కొట్టేది లేదని నిన్ననే తీర్మానం చేశారు. ఆయనా వేలిముద్ర వేశాడు.

బయటి పోరు ఏంటో మనకి తెలుసు. కొట్టకపోతే పనులకి పిలవరు. కల్లం కాడ మేర గింజలు ఆగిపోతాయి. కొట్లో అప్పు పుట్టదు. పుంతలో నడవనివ్వరు. మన కుర్రాళ్ళు రాసే కథలు ఇక్కడితో ఆగి, ఆయన డప్పు విరగ్గొట్టి పిడికిలి ఎత్తడంతో ముగుస్తున్నాయి.

కానీ ఆ మనిషి లోపలికి వెళ్ళి చూడండి. ఆ డప్పు వాళ్ళ నాయనది. తోలు ఊనింది, వెదురు చుట్టింది వాళ్ళ తాత. మంట దగ్గర దాన్ని కాస్తుంటే ఏ వేడికి ఏ మోత పలుకుతుందో ఆయన చెవికి తెలుసు. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల పట్టుకుంటే ఆయన ఎవరికీ పాలేరు కాదు. ఊరు ఆయన్ని మనిషిగా చూడకపోయినా ఆయన దరువుకి కాళ్ళు కదిపింది. ఇప్పుడా డప్పు వద్దనాలి. తను బతుకంతా ప్రేమించిందీ, తనని బతుకంతా అవమానించిందీ ఒకటే వస్తువు. దాన్ని ఏం చెయ్యాలి? ఇంట్లో ఆడమనిషి పొయ్యి వైపు చూస్తుంది, నోరు తెరిచి ఏమీ అనదు. కొడుకు గడపలో నిలబడి నాయన మొహం వైపు చూస్తుంటాడు. చచ్చిపోయిన రైతు ఒకప్పుడు ఈయన బిడ్డకి జబ్బు చేస్తే బండి కట్టించి పంపినవాడే అయితే? అప్పుడేం చేస్తాడు?

ఆ రాత్రి ఆయన డప్పు దింపి మంట దగ్గర పెట్టాడనుకోండి. కాచాడు. చేతులు వాటంతట అవే కదిలాయి. గూడెం అంతా వినేట్టు తన ఇంటి ముందు, తన కోసం తను కొట్టుకున్నాడు. తెల్లారి కబురొచ్చినవాడితో, "డప్పు నాది, చావు మీది. నేను రాను" అన్నాడు. ఇప్పుడు చెప్పండి, ఇందులో ఎక్కడి వరకు లోపలి పోరు, ఎక్కడి నుంచి బయటి పోరు? గీత గియ్యగలరా?

అదే మేం చెప్పేది. మన మనిషికి ఈ రెండూ వేరు వేరుగా ఉండవు. ఊరు వాడని బయట పెట్టింది గానీ, వాడలోని ప్రతి మనిషి గుండెలోనూ ఊరు కూచుని ఉంది. తల దించుకోమని, చెప్పులు చేత్తో పట్టుకోమని, పక్కకి తప్పుకోమని అది లోపల నుంచే చెప్తుంటుంది. బయటి ఊరితో కొట్లాడబోయే ముందు ఈ లోపలి ఊరితో కొట్లాడాలి. దొరని ఎదిరించే కథ దొర మేడ ముందు మొదలు కాదు, మన గుడిసెలో మనం అద్దం చూసుకున్నప్పుడు మొదలవుతుంది.

పేరు దాచుకున్న భయం

మన రచయితలు ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. మరాఠీలో బాబూరావు బాగుల్ 1963లో తెచ్చిన కథల పుస్తకానికి, నేను కులం దాచినప్పుడు అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ కథలో కుర్రాడు రైల్వే పనికి ఉధనా వెళ్తాడు. అద్దె గది దొరకడం కోసం కులం చెప్పడు. అక్కడి నుంచి ప్రతి పలకరింపూ ఒక గండమే. ఎవడైనా ప్రేమగా మాట్లాడినా భయమే, ఇంటికి పిలిచి అన్నం పెట్టినా భయమే. అదే చోట కాశీనాథ్ అనే ఇంకో మనవాడు కులం దాచుకోకుండా ఎదురుతిరిగి బతుకుతుంటాడు. చివరికి సంగతి బయటపడి కొట్టి పడేస్తే, వచ్చి కాపాడేది ఆ కాశీనాథే. ఒకడిది లోపలి పోరు, ఒకడిది బయటి పోరు అనిపిస్తుంది. కానీ ఇద్దరూ ఒకరికొకరు అద్దాలు. తనని కొట్టింది ఈ మనుషులు కాదు, మనువు అనే ఎరుకతో కథ ముగుస్తుంది. దెబ్బలు తిన్న ఒళ్ళు అది. ఎదిగిన మనసూ అదే.

కథలే ఎందుకు, బాబాసాహెబ్ సంగతే చూడండి. అమెరికా, లండన్ చదువులు చదివి 1917లో బరోడా ఉద్యోగానికి వచ్చినప్పుడు ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకుని ఉన్నారు. పదకొండోరోజు కర్రలు పట్టుకుని పార్సీలు మీదికొచ్చి వెళ్ళగొట్టారు. తెలిసినవాళ్ళిద్దర్ని అడిగితే చోటివ్వలేదు. రాత్రి రైలు దాకా తోటలో దిగులుగా కూచున్నారు. ఈ సంగతులన్నీ ఆయనే రాసుకున్నారు. పేరు దాచాననీ, భయపడ్డాననీ, తలుచుకుంటే కన్నీళ్ళొస్తాయనీ రాసుకోవడానికి సిగ్గుపడలేదు. అంతటి మనిషి భయపడ్డాడు గదా, మరి మీ కథలో హీరో ఎందుకు భయపడడు?

మన కుర్రాళ్ళకి ఒక మాట

ఇక్కడ మనల్ని మనం కూడా తిట్టుకోవాలి. మా దగ్గరికి వచ్చే కథల్లో సగానికి పైగా ఒకే అచ్చు. దొర చెడ్డవాడు, మనవాడు మంచివాడు. దొర కొడతాడు, మనవాడు తిరగబడతాడు, జెండా ఎగురుతుంది. వాళ్ళ కథల్లో మనోడు బొమ్మ. మన కథల్లో కూడా బొమ్మే అయితే, రంగు మార్చాం గానీ ప్రాణం పొయ్యలేదు. నినాదం సభకి కావాలి. సభ అయ్యాక ఇంటికెళ్ళి నిద్రపట్టక దొర్లే మనిషి కథకి కావాలి.

వాడ లోపలి గొడవలు కూడా దాచొద్దు. సభలో సమానత్వం గురించి మాట్లాడి ఇంటికొచ్చి పెళ్ళాన్ని కొట్టేవాడు మన పక్కింట్లో ఉన్నాడు, ఒక్కోసారి మన ఇంట్లోనే ఉన్నాడు. మాల మాదిగల మధ్య ఉన్న అంతరం 1994లో ఈదుముడిలో దండోరా మోగినప్పుడు కొత్తగా పుట్టింది కాదు, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకి దారి ఇవ్వడంతో తీరిపోయిందీ కాదు. పక్క పల్లె పిల్లని ప్రేమించి, వాళ్ళింట్లో నీళ్ళు తాగడానికి తటపటాయించినవాడి కథ ఎవరు రాస్తారు? పరువు పోతుందని దాస్తే, ఆ అబద్ధం దొరల అబద్ధం కంటే ఏం తక్కువ?

ఈ దారిలో నడిచినవాళ్ళు ఉన్నారు. జి. కళ్యాణరావు అంటరాని వసంతంలో తరాల మీద తరాలు నడుస్తాయి. కరువులో బకింగ్‌హామ్ కాలువ పనికి వెళ్ళి అంటరానివాడని గెంటించుకున్న శివయ్య, సీమోను అవుతాడు. పేరు మారడం వెనక ఎంత ఆకలి, ఎంత ఆశ ఉందో ఆ నవలలో ఉంది. వేముల ఎల్లయ్య కక్కలో మాదిగవాడ మాట మాదిగవాడ మాటలాగే ఉంది, ఎవరి కోసమూ సర్దుకోలేదు. గోగు శ్యామల కథల్లో, కూతురు జోగిని కాకూడదని హాస్టల్లో చేర్పించిన తండ్రి ఉన్నాడు. జోగిని ఆచారం నేరమని 1988లో చట్టం వచ్చింది గానీ, ఊరి కట్టుబాటు ఒకవైపు, బిడ్డ చెయ్యి ఒకవైపు లాగుతున్న తండ్రికి ఆ చట్టం తోడు రాదు. ఆయన కాళ్ళు ఆయనే కదపాలి. అట్లా కదిపిన అడుగే కథ.

రాసే ముందు అడగండి

కథ రాయబోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కూచునే ముందు మీ మనిషిని నాలుగు ప్రశ్నలు అడగండి. నీకేం కావాలి? దానికి బయట ఎవరు అడ్డం? నీ లోపల ఏది అడ్డం? అది దక్కాలంటే నువ్వు ప్రేమించేది ఏం పోగొట్టుకుంటావు? నాలుగోదానికి జవాబు దొరక్కపోతే కథ ఇంకా పండలేదని అర్థం. ఆగండి.

సంఘం పని చేసేవాళ్ళు కూడా వినండి. మీరు గూడేలు తిరుగుతారు, సంఘటన జరిగితే వివరాలు రాసుకుంటారు. ఎంతమంది, ఎప్పుడు, ఎక్కడ అని రాసుకోండి. దాంతోపాటు ఆ ముసలమ్మని ఇంకొక్క మాట అడగండి. "అమ్మమ్మా, అప్పుడు నీకేమనిపించింది?" అని. ఆమె వెంటనే చెప్పదు. పొగాకు నములుతూ ఎటో చూస్తుంది. కూచోండి, తొందరపెట్టొద్దు. ఆమె చెప్పేది రేపటి మన సాహిత్యం. ఆ మాట అడక్కుండా పోతే ఆమెతోనే అది మట్టిలో కలిసిపోద్ది. మన బాధ లెక్కల్లో మిగులుద్ది గానీ మన మనసు ఎక్కడా మిగలదు.

చివరిగా ఆ అమ్మాయికి. చెల్లీ, నీ కథలో అంతా ఉంది. ఆ పెద్దాయనకి సబ్బు సబ్బుగానే కనపడింది. అయిదుసార్లు చేతులు కడుక్కున్న అమ్మలు ఉన్న ఇళ్ళల్లో ఆ కథ చదివి చూడు, ఎవరు కళ్ళు తుడుచుకుంటారో, ఎవరు లేచి నిలబడతారో తెలుస్తుంది. ఆ కథ మాకు పంపు, వచ్చే సంచికలో వేస్తాం. ఒక్క సంగతి మాత్రం అడుగుతాం, దిద్దమని కాదు, ఇంకో కథ రాయమని. సబ్బు దాచిన కూతురు ఉంది గదా, ఆ సబ్బు ఎక్కడ దాచింది? దాచేటప్పుడు దాని చెయ్యి వణికిందా?

అది రాయి. నీ కోసం ఎదురుచూస్తుంటాం.

జై భీమ్.